తొలి త్యాగరాజు, మలి త్యాగరాజు: కాలక్రమం మనకు ఎంతవరకు అందుతుంది?

కంచిలిలోనో సోంపేటలోనో ఒక పిల్ల సంగీతం మొదలుపెట్టిందనుకుందాం. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు దాటాక ఆమె నోటికి వచ్చే మొదటి త్యాగరాజ రచన సాధారణంగా ఒక దివ్యనామ కీర్తన. సహానా రాగంలోని ‘వందనము రఘునందన’ కావచ్చు, పున్నాగవరాళిలోని ‘తవదాసోహం’ కావచ్చు. ఆ తర్వాత చిన్న కృతులు, ఇంకొన్నేళ్లకు సంగతులు నిండిన పెద్ద కృతులు. పట్టు వదలకుండా సాధన చేసి, విజయనగరం దాకా రైలెక్కి వెళ్లి నేర్చుకున్నవాళ్లకు చివరికి ఘనరాగ పంచరత్నాలు. ఇలా మెట్టుమెట్టుగా నేర్చుకున్నవాళ్ల మనసులో, ఎవరూ చెప్పకుండానే ఒక నమ్మకం స్థిరపడుతుంది. త్యాగరాజు కూడా ఇదే వరుసలో రచించి ఉంటాడని, చిన్నవయసులో నామకీర్తనలు కట్టి, నడివయసులో కృతులు చేసి, పండిన వయసులో పంచరత్నాలు ఇచ్చి ఉంటాడని. పాఠం వరుస జీవితం వరుస అయిపోతుంది.

ఈ నమ్మకానికి పడమటి సంగీతం నుంచి మరో బలం వచ్చి చేరింది. బీథోవెన్ తొలి సింఫనీలు ఒక తీరు, మలి సింఫనీలు మరో తీరు అని చదువుకున్నవాళ్లు త్యాగరాజును కూడా అదే విధంగా తొలి, నడిమి, మలి దశలుగా విడదీయాలనుకుంటారు. ఇద్దరూ ఒకే కాలంవాళ్లు. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టి 1847 జనవరి 6న తిరువయ్యారులో కన్నుమూశాడు. బీథోవెన్ 1770లో బాన్ నగరంలో పుట్టి 1827లో వియన్నాలో మరణించాడు. పోల్చాలనిపించడం సహజం. అయితే పోలికకు ముందు తేల్చవలసిన విషయం ఒకటుంది. ఒక స్వరకర్త రచనల్లో ఏది ముందు, ఏది వెనుక అన్నది మనకు ఏ ఆధారంతో తెలుస్తుంది? ఆ ఆధారాలను ఒక్కొక్కటిగా తూచి చూడడమే ఈ సమీక్ష పని.

బీథోవెన్ విషయంలో ఎందుకు తెలుస్తుంది

బీథోవెన్ రాసిన సింఫనీలు తొమ్మిది. ప్రతిదానికీ మొదటి ప్రదర్శన తేదీ ఉంది. మొదటి సింఫనీ 1800 ఏప్రిల్ 2న వియన్నాలో వినిపించింది. రెండోది 1803లో, ‘ఎరోయికా’ అని పేరుపడ్డ మూడోది బహిరంగంగా 1805లో, ఐదూ ఆరూ 1808 డిసెంబర్ 22న ఒకే కచేరీలో, ఏడోది 1813లో, ఎనిమిదోది 1814లో, తొమ్మిదోది 1824 మే 7న వచ్చాయి. ప్రచురణకర్తలు రచనలకు సంఖ్యలు వేశారు. వీటన్నిటికీ మించి, ఆయన ఆలోచనలు రాసుకున్న చిత్తు పుస్తకాలు మిగిలాయి. ఐదో సింఫనీకి పునాది పడింది 1804 ప్రాంతంలోనని ఆ చిత్తుల వల్లనే తెలిసింది.

ఇంత ఆధారం ఉంది గనుక పోలికకు విలువ ఉంది. మొదటి సింఫనీ హైడెన్, మోజార్ట్‌లు వేసిన చట్రంలోనే నడుస్తుంది. సుమారు 25 నిమిషాల్లో ముగుస్తుంది. అందులోనూ మొట్టమొదటి శ్రుతిమేళనం ఆ సింఫనీకి చెందిన శ్రుతిలో కాకుండా పక్కనుంచి ప్రవేశిస్తుంది. కొత్తదనం అక్కడే తల ఎత్తింది. చెవుడు ముదురుతున్న సంగతిని 1802లో తమ్ముళ్లకు రాసి పంపకుండా దాచుకున్న ఉత్తరంలో బీథోవెన్ చెప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన మూడో సింఫనీ ముందువాటికి దాదాపు రెట్టింపు పొడవు. ఐదో సింఫనీలో నాలుగు స్వరాల చిన్న తునక మొత్తం నిర్మాణానికి ఆధారమవుతుంది. తొమ్మిదోదానిలో వాద్యాల మధ్యకు మనుషుల గొంతులు వచ్చాయి. షిల్లర్ గీతాన్ని బృందం పాడుతుంది. గంటకు మించి సాగుతుంది.

1852లో విల్‌హెల్మ్ ఫాన్ లెంజ్ ఈ రచనలన్నిటినీ మూడు శైలులుగా విభజిస్తూ పుస్తకం రాశాడు. ఆ విభజన నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. అయితే బీథోవెన్ దగ్గరే అది పూర్తిగా పొసగదు. ఏడో సింఫనీ తర్వాత కొద్ది నెలలకే వచ్చిన ఎనిమిదోది చిన్నది, తేలికైనది, పాత చట్రానికి దగ్గరగా ఉండేది. ఒకే రాత్రి వినిపించిన ఐదూ ఆరూ స్వభావంలో ఒకదానికొకటి పొంతన లేనివి. ఒకటి పోరాటం, మరొకటి పల్లెలో వాగు పక్కన విశ్రాంతి. వయసు పెరిగేకొద్దీ రచన పెద్దదవుతుంది, బరువెక్కుతుంది అన్న సూత్రం తేదీలన్నీ తెలిసిన చోటే నిలవలేదు. తేదీలు లేని చోట దాన్ని సూత్రంగా తీసుకొని రచనలను వరుసలో పేర్చడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మన వాగ్గేయకారులు వదిలిన గుర్తులు

తెలుగు వాగ్గేయకారులందరి పరిస్థితీ ఒకటి కాదు. అన్నమాచార్యుడు (1408–1503) విషయంలో రాగిరేకులున్నాయి. ఆయన 1424లో పదహారేళ్ల వయసులో సంకీర్తన రచన ప్రారంభించాడని, 1503 దాకా సాగించాడని ఆ రేకులే చెబుతున్నాయి. 12,000కు పైగా పాటలు మిగిలాయి. కానీ రేకుల మీది విభజన అధ్యాత్మం, శృంగారం అన్న విషయాన్నిబట్టి జరిగింది. ఏ పాట ఏ ఏట వచ్చిందో తెలియదు. రాగం పేరు ఉన్నా బాణీ దక్కలేదు. అందుచేత అన్నమయ్య మాటలో మార్పును వెతకవచ్చు గానీ సంగీతంలో మార్పును వెతకడానికి వీల్లేదు.

భద్రాచల రామదాసుకు జీవితంలోని ఒక ఘట్టం కొలబద్దగా నిలిచింది. గోల్కొండ చెరసాలకు ముందు, చెరసాలలో అన్న విభజన అది. రాముడికి చేయించిన నగల ఖర్చు ఏకరువు పెట్టి నిలదీసే ‘ఇక్ష్వాకు కులతిలక’ చెరసాలలో పుట్టిందని పాటలోని మాటే సాక్ష్యం చెబుతుంది. క్షేత్రయ్య తనను ఆదరించిన కొలువుల పేర్లను ఒక పదంలో స్వయంగా చెప్పుకొన్నాడు. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) తన గురుగుహ కృతుల్లో తొలిది తిరుత్తణిలో చేశాడని శిష్యపరంపర చెబుతుంది. ఆయన క్షేత్రాలవారీగా రచించాడు గనుక తిరిగిన ఊళ్లను కలుపుకుంటూ పోతే కొంత వరుస దొరుకుతుంది.

మా ప్రాంతానికి ఆనుకొని ఉన్న ఉదాహరణ ఇంకా ఎక్కువ నేర్పుతుంది. కంచిలి ఉన్న సోంపేట తాలూకా 1936 దాకా గంజాం జిల్లాలోనిది. ఆ గంజాం గడ్డ మీద త్యాగరాజు కాలంలోనే ఇద్దరు గొప్ప ఒడియా గీతకర్తలు వెలిశారు. పర్లాకిమిడిలో గోపాలకృష్ణ పట్నాయక్ (1784–1862), ఆఠగడలో కవిసూర్య బలదేవ రథ్ (1789–1845). బలదేవ రథ్ పేరు చెప్పగానే ఒడిస్సీ గాయకులకు గుర్తొచ్చేది ‘కిశోర చంద్రానన చంపూ’. అందులోని పాటలు క నుంచి క్ష వరకు అక్షరాల వరుసలో నడుస్తాయి. ఒక్కో పాట ఒక్కో అక్షరానిది. ఆ వరుస చూసి ఏది ముందు రాశాడో చెప్పలేం. మన చేతికి వచ్చిన వరుస కర్త మనసులో పెట్టుకున్న కళావ్యూహం కావచ్చు, గురువు పెట్టిన పాఠక్రమం కావచ్చు, లేఖకుడి సౌకర్యం కావచ్చు. పుట్టిన క్రమం మాత్రం వేరే ఆధారంతో తేల్చుకోవలసిందే. బలదేవ రథ్ చంపూను ఎదురుగా పెట్టుకుంటే ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది.

త్యాగరాజు విషయంలో ఆధారాలు నాలుగు

త్యాగరాజు పేరుతో నేడు సుమారు 700 రచనలు దొరుకుతున్నాయి. వాటి కాలాన్ని ఊహించడానికి నాలుగు రకాల ఆధారాలున్నాయి.

మొదటిది శిష్యుల రాతప్రతులు. వాలాజపేట వేంకటరమణ భాగవతార్ (1781–1874), ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ కాపాడిన ప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. త్యాగరాజు ఇంట ఉన్న పోతన భాగవతం ప్రతి కూడా ఆ సంపుటిలోదే. ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యశాఖలు వేరుగా పాటలు నిలుపుకున్నాయి. ఈ ప్రతులు పాట ఉనికికి, పాఠానికి గట్టి సాక్ష్యం. పాట వయసును మాత్రం చెప్పవు.

రెండోది జీవితగాథలు. అన్న జపేశుడు విగ్రహాలను కావేరిలో పడవేస్తే తోడిలో ‘ఎందు దాగినాడో’ అని వెతికాడని, దొరికినప్పుడు బిలహరిలో ‘కనుగొంటిని’ అని పాడాడని, తంజావూరు రాజు శరభోజి పిలుపును కాదంటూ కల్యాణిలో ‘నిధి చాల సుఖమా’ చేశాడని వినని తెలుగువాడు ఉండడు. శిష్యులు, ప్రశిష్యులు రాసిన చరిత్రలతో మొదలై, హరికథకుల నోట పెరిగి, సినిమాలతో స్థిరపడ్డ కథలివి. భక్తికి ఇవి ప్రాణం. కాలనిర్ణయానికి ఎంతవరకు పనికొస్తాయో మాత్రం విడిగా చూడాలి.

మూడోది పాటల్లోని మాట. తోడిలోని ‘దాశరథీ నీ ఋణము’లో తన పేరును దూరదేశాల్లో వెలిగించినందుకు రాముడికి ఋణపడ్డానన్న భావం ఉంది. కీర్తి దూరానికి పాకాకనే ఇలాంటి మాట వస్తుంది గనుక దీన్ని తొలినాళ్లలో పెట్టలేం. ‘నాదుపై పలికేరు’లో ఇంటి పంపకాల నింద వినిపిస్తుంది. ఇలాంటివి కొన్ని ఉన్నాయి. పాటలో పలికే ‘నేను’ ప్రతిసారీ త్యాగరాజు స్వానుభవమే అయి ఉండనక్కర్లేదు. దిగులు, నింద, ఆలస్యం మీద ఫిర్యాదు భక్తికవిత్వంలో సంప్రదాయంగా వచ్చే భావాలు కూడా. అందుకే ఈ ఆధారాన్ని ఒంటరిగా నమ్మలేం.

నాలుగోది స్థలం. త్యాగరాజు జీవితంలో ఎక్కువ భాగం తిరువయ్యారు దాటలేదు. దాటినప్పుడు చేసిన పాటల్లో ఊరు, దేవుడు స్పష్టంగా తెలుస్తారు. నాలుగింటిలో కాలాన్ని నిలకడగా చూపించేది ఇదే.

ఒకే కృతికి రెండు వయసులు

గాథల మీద ఎంత భారం మోపవచ్చో ‘ఎందరో మహానుభావులు’ ఒక్కటే చెబుతుంది. శ్రీరాగంలోని ఈ పంచరత్నం గురించి రెండు కథలు వాడుకలో ఉన్నాయి. తంజావూరులో గురువు శొంఠి వేంకటరమణయ్య ఇంట సంగీతవిద్వాంసుల ఎదుట యువ త్యాగరాజు దీన్ని పాడాడని, గురువు మురిసిపోయి రాజుకు చెప్పాడని ఒక కథ. కేరళ నుంచి వచ్చిన షట్కాల గోవింద మారార్ ఆరు కాలాల్లో పాడిన గానానికి పులకించి, అప్పటికే వృద్ధుడైన త్యాగరాజు ఈ కృతితో నమస్కరించాడని మరో కథ. గోవింద మారార్ పుట్టింది 1798లో. ఆయన తిరువాన్కూరు రాజు స్వాతి తిరునాళ్ కొలువు కాలంవాడు. అంటే రెండు కథల మధ్య మూడు నాలుగు దశాబ్దాల దూరం ఉంది.

మొదటి కథ నమ్మితే పంచరత్నం తొలి దశ రచన. రెండోది నమ్మితే మలి దశ రచన. అప్పటికే ఉన్న కృతిని మారార్ ముందు పాడి ఉండవచ్చునని రెంటినీ కలిపి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ సర్దుబాటు సాధ్యమే. కానీ అప్పుడు కూడా కృతి ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్న మొదటికే వస్తుంది. ఇంత ప్రసిద్ధమైన పాట విషయంలోనే గాథలు ఇలా ఎదురుబొదురుగా నిలబడితే, మిగిలిన వందల పాటలకు కథలను తేదీలుగా వాడడం నిలవదు.

పంచరత్నాలను త్యాగరాజు జీవిత శిఖరంగా చివర్లో నిలబెట్టే అలవాటుకు మరో కారణం ఉంది. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో అందరూ కలిసి ఐదు కృతులనూ పాడే ఆచారం 20వ శతాబ్దంలో ఏర్పడింది. బెంగళూరు నాగరత్నమ్మ తన ఆస్తి వెచ్చించి సమాధి మందిరం కట్టించాక ఆరాధనకు ఇప్పటి రూపం వచ్చింది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే ఐదు ఘనరాగాలకు వీణ వాయిద్యంలో తానం వాయించే పాత వరుస ఉంది. ఆ సంప్రదాయం మీద నిలిచిన ఈ కృతులు యువకుడైన త్యాగరాజు గురువు దగ్గర నేర్చిన విద్యకు కూడా చాలా దగ్గరివి. వీటిని తప్పనిసరిగా వృద్ధాప్యానికి నెట్టవలసిన సంగీతకారణం ఏదీ లేదు.

యాత్రలు నిలిపిన గుర్తులు

ఇక గట్టి నేల మీదికి వద్దాం. కంచిలోని ఉపనిషద్ బ్రహ్మేంద్రులు పిలవగా త్యాగరాజు ఉత్తరదిక్కుకు యాత్ర చేశాడు. జీవితచరిత్రకారులు దీన్ని 1839 ప్రాంతంలో పెడతారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. కంచిలో వరదరాజస్వామి మీద స్వరభూషణిలో ‘వరదరాజ నిను కోరి’, కామాక్షి మీద మధ్యమావతిలో ‘వినాయకుని వలెను’ వచ్చాయి. తిరుమలలో గౌళిపంతులో ‘తెర తీయగరాదా’, మధ్యమావతిలో ‘వేంకటేశ నిను సేవింపను’ వచ్చాయి. మద్రాసు దగ్గర కోవూరులో సుందరేశ్వరుడి మీద ఐదు, తిరువొత్తియూరులో త్రిపురసుందరి మీద ఐదు. అక్కడ ఆతిథ్యమిచ్చింది శిష్యుడు వీణ కుప్పయ్యర్. లాల్గుడిలో సప్తర్షీశ్వరుడి మీద, అమ్మవారి మీద ఐదు, శ్రీరంగంలో రంగనాథుడి మీద మరో ఐదు కూడా స్థలం పేరుతో నిలిచిన గుచ్ఛాలే.

ఈ యాత్రా కృతులను వరుసగా విన్నవాళ్లకు కొన్ని విషయాలు స్ఫుటంగా తెలుస్తాయి. ఒకటి, రాగాల ఎంపిక. కోవూరు గుచ్ఛంలో సహానా, ఖరహరప్రియ, పంతువరాళి, కల్యాణి ఉన్నాయి. తిరువొత్తియూరులో ఆరభి, బేగడ, కల్యాణి, శుద్ధసావేరి, సావేరి. లాల్గుడిలో తోడి, భైరవి, కాంభోజి, మధ్యమావతి, కల్యాణి. ఎక్కువ భాగం నిండుగా నిలదొక్కుకున్న రాగాలు. కొత్త ఊళ్లో, తనను ఎన్నడూ వినని జనం ముందు, దేవుడి సన్నిధిలో పాడవలసి వచ్చినప్పుడు ఆయన వెడల్పైన పెద్ద రాగాలను ఎంచుకున్నాడు. అయితే కంచిలో స్వరభూషణి వంటి అరుదైన రాగం కూడా చేతికి తీసుకున్నాడు. అపూర్వరాగాల మీద మక్కువ ఒక వయసుకు పరిమితం కాలేదన్నమాట.

రెండు, దైవం. తొలినుంచీ రాముడే సర్వస్వమని పాడిన త్యాగరాజు ఈ గుచ్ఛాల్లో శివుడిని, అమ్మవారిని, వేంకటేశ్వరుడిని నోరారా పిలిచాడు. దీన్ని భావపరిణామమని కొందరు రాస్తారు. స్థలం మారినందున దైవం మారిందనడమే ఎక్కువ సమంజసం. తిరువయ్యారులోనే ఉంటూ ధర్మసంవర్ధని మీద చేసిన కృతులు ఉండనే ఉన్నాయి.

మూడు, నిర్మాణం. తిరువొత్తియూరులోని శుద్ధసావేరి కృతి ‘దారిని తెలుసుకొంటి’లో సంగతులు ఒకదాని మీద ఒకటి విప్పారుతూ ఒకే పల్లవిని ఎన్నో వైపుల నుంచి చూపిస్తాయి. డెబ్బై దాటిన మనిషిలో నిర్మాణశక్తి ఏ మాత్రం తగ్గలేదని అది నిరూపిస్తుంది. అదే యాత్రలోని ‘వేంకటేశ నిను సేవింపను’ నిశ్చలంగా, నేరుగా సాగుతుంది. ఐదూ ఆరూ సింఫనీలు ఒకే రాత్రి వచ్చినట్టే ఇక్కడా రెండు స్వభావాలు ఒకే యాత్రలో పక్కపక్కనే ఉన్నాయి.

చివరి రోజుల కృతులు

1845లో భార్య కమలాంబ మరణించింది. ప్రాణం విడిచే ముందు త్యాగరాజు సన్యాసం తీసుకున్నాడు. కొండ మీద కొలువైన రాముడు కలలో కనిపించి పది రోజుల్లో చేరుకుంటావని మాట ఇచ్చాడన్నది సహానాలోని ‘గిరిపై నెలకొన్న’కు ఆధారం. ఆ సంగతి పాటలోనే ఉంది. మనోహరిలోని ‘పరితాపము కని’ కూడా ఆ మాటనే తలచుకుంటుంది. వాగధీశ్వరిలోని ‘పరమాత్ముడు వెలిగే’ చివరి రోజున పాడిందని పరంపర చెబుతుంది. మొదటి రెండింటిలో పాటలోని మాట, పరంపర ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. అందుకే వీటిని మలి రచనలని ధైర్యంగా చెప్పవచ్చు.

వీటిని విని చూడండి. వాగధీశ్వరి 34వ మేళం, అంతగా పాడని రాగం. మనోహరి కూడా అరుదైనదే. ఎనభై ఏళ్ల వయసులో, మృత్యువు గుమ్మంలో ఉన్నప్పుడు కూడా ఆయన చెవి కొత్త దారులు వెతుకుతూనే ఉంది. మరో పక్క ‘గిరిపై’ ఉన్నది సహానాలో, అందరూ ఎరిగిన ఆదితాళంలో. ఇక్కడ ఒక చక్కని పోలిక దొరుకుతుంది. పిల్లలు మొదట్లో నేర్చే ‘వందనము రఘునందన’, కోవూరులో చేసిన ‘ఈ వసుధ’, చివరి రోజుల ‘గిరిపై’ మూడూ సహానాలోనివే, మూడూ ఆదితాళంలోవే. మొదటిది దివ్యనామ కీర్తన గనుక చరణాలన్నీ ఒకే బాణీలో తిరుగుతాయి. పదిమంది కలిసి పాడడానికి అనువైనది. ‘ఈ వసుధ’ ఊరిని, దేవుడిని పొగిడే విస్తారమైన కృతి. ‘గిరిపై’లో కంపం, కన్నీరు, ఊరట ఒకే కదలికలో కలిసి ఉంటాయి. ముగ్గురు వేర్వేరు త్యాగరాజులు ఇందులో ఉన్నారనిపించదు. ఒకే మనిషి భజనబృందానికి ఒక రూపం, క్షేత్రానికి ఒక రూపం, ఏకాంతానికి ఒక రూపం ఇచ్చాడు. రచన ఆకారాన్ని నిర్ణయించింది వయసుకన్నా ఎక్కువగా సందర్భమేనని ఈ మూడూ గట్టిగా చెబుతున్నాయి.

సులువైనది ముందు, బరువైనది తర్వాత?

ఇప్పుడు పాఠక్రమం పెట్టిన నమ్మకాన్ని సూటిగా చూద్దాం. దివ్యనామ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు తొలివయసువని చెప్పడానికి ఆధారం వాటి సారళ్యం ఒక్కటే. దేశికతోడిలోని ‘నమో నమో రాఘవాయ’ ఆయన మొదటి రచన అన్న పరంపర కూడా ఇదే భావనకు ఊతమిస్తుంది. కానీ ఉత్సవ సంప్రదాయ కీర్తనలు మేలుకొలుపు నుంచి పవ్వళింపు దాకా ఇంటి దేవుడికి రోజూ జరిగే సేవల కోసం చేసినవి. ఆ సేవ జీవితాంతం సాగింది. దివ్యనామ పద్ధతి ఉపనిషద్ బ్రహ్మేంద్రుల వంటి భజనసంప్రదాయ గురువులకు ఇష్టమైనది. ఆయన పిలుపు మీదనే కదా త్యాగరాజు ముసలివయసులో కంచికి వెళ్లింది. సులువైన పాట చేయడం చిన్నవయసు గుర్తు అయితే, రోజూ సేవ చేసే భక్తుడు పెద్దవాడయ్యాక ఆ సేవకు పాట కట్టడం మానేశాడని ఒప్పుకోవలసి వస్తుంది. అలా అనుకోవడానికి కారణం కనబడదు.

రెండో చిక్కు మనం వినే రూపానిది. ఒక పెద్ద కృతిలో నేడు పాడే సంగతులన్నీ త్యాగరాజువే అనలేం. శిష్యశాఖల మధ్య సంగతుల సంఖ్యలో, వరుసలో తేడాలున్నాయి. ఆభేరిలోని ‘నగుమోము’ను పూర్వం శుద్ధధైవతంతో పాడేవారు, ఇప్పుడు చతుశ్రుతి ధైవతంతో పాడుతున్నారు. రాగం ముఖమే మారింది. ఏ. ఎం. చిన్నస్వామి మొదలియార్ 1893లో కృష్ణస్వామి భాగవతార్ సాయంతో త్యాగరాజ కృతులను ఐరోపా స్వరలిపిలో అచ్చువేయడం మొదలుపెట్టాడు. 1904లో ఎట్టయపురం నుంచి సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువరించాడు. ఈ పాత అచ్చురూపాలను నేటి పాటతో పక్కపక్కన పెట్టి చూస్తే తరాల చేతిలో ఎంత చేర్పు జరిగిందో తెలుస్తుంది. బరువైన కృతిని మలి దశదని చెప్పేముందు, ఆ బరువులో ఎంత పాలు త్యాగరాజుది, ఎంత పాలు తర్వాతివాళ్లది అని అడగాలి.

మూడోది రాగాల సంగతి. ఖరహరప్రియ, హరికాంభోజి వంటి మేళరాగాలకు కృతిరూపంలో నిండు జీవం పోసింది త్యాగరాజు. అపూర్వరాగాలన్నీ శాస్త్రగ్రంథ పరిచయం తర్వాతివని, అందుచేత నడివయసువని ఒక వాదం ఉంది. స్వరభూషణి, మనోహరి, వాగధీశ్వరి ఆ వాదాన్ని సగమే నిలబెడతాయి. అవి మలి దశ దాకా వచ్చాయని చూపిస్తాయి. ఎప్పుడు మొదలయ్యాయో చూపించవు.

తేదీలున్న ఇద్దరు మనవాళ్లు

మన సంగీతంలోనే తేదీలు తెలిసినవాళ్ల వైపు ఒకసారి చూస్తే ఈ చర్చకు వెలుగు వస్తుంది. ఉత్తరాంధ్రకు గర్వకారణమైన ఆదిభట్ల నారాయణదాసు 1864లో అజ్జాడలో పుట్టాడు. 1883లో తొలి హరికథ ‘ధ్రువచరిత్ర’ చేశాడు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడయ్యాడు. తన తొలి ముప్పై ఏళ్ల జీవితాన్ని ‘నా యెరుక’లో తానే రాసుకున్నాడు. 1938లో, డెబ్బై దాటాక, తొంభై రాగాలతో ‘దశవిధరాగ నవతికుసుమమంజరి’ రచించాడు. కథను ముందుకు నడపడానికి సంగీతాన్ని వాడిన యువకుడు, వృద్ధాప్యంలో సంగీతశాస్త్రాన్నే వస్తువుగా తీసుకున్నాడు. ఆయన దారి కథ నుంచి శాస్త్రానికి, తక్కువ నుంచి ఎక్కువకు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) దారి దీనికి ఎదురుగా ఉంటుంది. మానంబుచావడి వేంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు మీదుగా త్యాగరాజ శిష్యపరంపర ఆయన దాకా వచ్చింది. కౌమారంలోనే 72 మేళకర్తలన్నిటిలో కృతులు చేయడానికి పూనుకున్నాడు. అవి 1952లో ‘జనకరాగ కృతిమంజరి’గా వచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో మహతి, లవంగి, సుముఖం వంటి నాలుగు స్వరాల రాగాలకు, సర్వశ్రీ, గణపతి వంటి మూడు స్వరాల రాగాలకు ఒదిగాడు. ఏడు స్వరాల సంపూర్ణరాగాలతో మొదలై మూడు స్వరాల దాకా తగ్గించుకుంటూ వచ్చిన ప్రయాణమిది. తేదీలు లేకుండా ఈ రచనలు మన చేతికి వచ్చి ఉంటే, మూడు స్వరాల పాట బాల్యానిదని, 72 మేళాల సముదాయం పండిన వయసుదని ఎంతో నమ్మకంగా రాసి ఉండేవాళ్లం. పూర్తిగా తలకిందుల చరిత్ర అయ్యేది.

ఇంతకూ తేలేదేమిటి

ఆధారాలన్నిటినీ తూచాక నాకు కలిగిన నిశ్చయం ఇది. త్యాగరాజు రచనలను బీథోవెన్ సింఫనీల మాదిరిగా తొలి, నడిమి, మలి అని మూడు గదుల్లో సర్దడం కుదరదు. కానీ మలి త్యాగరాజు మనకు దొరకడనడం కూడా సరికాదు. యాత్రా గుచ్ఛాలూ, చివరి రోజుల కృతులూ కలిపి చూస్తే డెబ్బై నుంచి ఎనభై వరకు ఆయన ఎలా పాడాడో చెప్పగలిగినంత సామగ్రి ఉంది. ఆ త్యాగరాజు పెద్ద రాగాలనూ అరుదైన రాగాలనూ సమానంగా ప్రేమించాడు. విస్తారమైన కృతినీ నిరాడంబరమైన విన్నపాన్నీ పక్కపక్కనే నిలిపాడు. పండిన వయసు ఆయనలో ఒకే దిక్కుకు ఒరగలేదు. తొలి త్యాగరాజు మాత్రం చాలావరకు కథల్లోనే ఉన్నాడు. ఆ కథలను కథలుగా గౌరవించాలి, తేదీలుగా వాడకూడదు.

దీన్నిబట్టి చేయవలసిన పని కూడా తేటపడుతుంది. పరిశోధకులు వయసును ముందుంచకుండా, స్థలాన్ని, సందర్భాన్ని, శిష్యశాఖను ముందుంచి కృతులను పోల్చాలి. ఒకే రాగంలో నామకీర్తన, క్షేత్రకృతి, ఏకాంతకృతి మూడూ దొరికిన చోటల్లా సహానాలో చేసినట్టు పక్కపక్కన పెట్టి చూడాలి. మదురై ప్రతులను, 1893 నాటి అచ్చును, నేటి పాఠాలను కలిపి చదవాలి. త్యాగరాజు పాటలు తెలుగులోవి. ఆ చదువు తెలుగు విశ్వవిద్యాలయాల్లో జరగవలసినంత జరగలేదు.

మా ఉద్దానంలోని సంగీతం మాస్టార్లకు, రామమందిరాల్లో భజనలు నడిపే పెద్దలకు ఒక విన్నపం. పిల్లకు దివ్యనామ కీర్తన నేర్పేటప్పుడు ‘ఇది త్యాగరాజు చిన్నప్పుడు చేసిన తేలిక పాట’ అని చెప్పకండి. ఎనభై ఏళ్ల మనిషి అదే సహానాలో తన చివరి మాట చెప్పుకున్నాడని చెప్పి, వీలైతే ఆ రోజే ‘గిరిపై’ పాడి వినిపించండి. ఆ పిల్ల తన మొదటి పాఠాన్ని చులకనగా చూడదు.